ఘటోత్కచుడికి ఒక మందుల చీటీ



గత మాఘమాసంలో మా జంగారెడ్డిగూడెంలోనే ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల వరుసలో కూర్చున్నాం. ఆకులు వేశారు, నీళ్లు చల్లుకున్నాం, వడ్డన ఇంకా మా దాకా రాలేదు. అంతలో సౌండు బాక్సులో ఆ పాట మొదలైంది. ఏ పాటో మీకు వేరే చెప్పనక్కరలేదు. తెలుగువారి పెళ్లి పందిళ్లలో తరాలుగా మోగుతున్న భోజనాల పాట, 'మాయాబజార్' చిత్రంలోని 'వివాహ భోజనంబు'.

నా పక్కన మా బావమరిది కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నవాడు. వడ్డించే కుర్రవాడు లడ్డు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు ఒక చూపు విసిరి, "వద్దు బాబూ, బావగారు పక్కనే ఉన్నారు" అన్నాడు. నేను అటువైపు ఎవరో పలకరిస్తే తిరిగి రెండు మాటలు మాట్లాడాను. మళ్లీ ఇటు తిరిగేసరికి మా వాడి ఆకు అంచున లడ్డు కనిపించింది. గ్లాసు అందుకుని ఒక గుక్క నీళ్లు తాగేలోగా అది కనిపించలేదు. మార్కస్ బార్ట్లే కెమెరా సాయం లేకుండానే లడ్డు మాయమైపోయింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ పాటను మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు విన్నాను. చిన్నప్పుడు ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. కానీ ముప్పయి అయిదేళ్లు ఓపీలో కూర్చుని లేచిన తరువాత, ప్రతి మాటనూ ఆపుకుంటూ వినడం అదే మొదలు. పాట మారలేదు, నా చెవి మారింది. ఆ మారిన చెవికి ఏమి వినిపించిందో ఈ వేళ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం. నవ్వుకోవడానికే మొదలుపెడుతున్నాను. చివర ఒక సంగతి మాత్రం నవ్వకుండా చెప్పవలసి ఉంది.

మా తరానికి ఈ పాట ఏమిటో చిన్నవారి కోసం కొంచెం చెబుతాను. 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. విజయా వారి నిర్మాణం, కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి రచన. ఈ పాట పాడినవారు మాధవపెద్ది సత్యం గారు, తెర మీద ఘటోత్కచుడై కనిపించినవారు ఎస్వీ రంగారావు గారు. వియ్యాలవారి కోసం వండి వరుసగా పేర్చిన విందు దగ్గరకు ఘటోత్కచుడు చేరతాడు. ఒక్కొక్క వంటకాన్నీ పేరు పెట్టి మెచ్చుకుంటూ, ఇదంతా తనకే అని మురిసిపోతూ, పగలబడి నవ్వుతూ, ఒంటరిగా ఆరగిస్తాడు. లడ్లు వాటంతట అవే గాలిలో ఎగిరి వచ్చి ఆయన నోట్లో పడతాయి. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని చూసిన మా పిల్ల మూక ఇంటికి వెళ్లి, అమ్మ దాచిన లడ్ల డబ్బా ఎదురుగా నోరు తెరుచుకుని చాలాసేపు నిలబడ్డాం. ఒక్క లడ్డూ కదలలేదు. జీవితంలో నాకు ఎదురైన మొదటి శాస్త్రీయ నిరాశ అది.

ఇప్పుడు అదే మహానుభావుడు నా ఓపీకి వచ్చాడనుకోండి. నేను రాసుకునే కేసు షీటు ఇలా ఉంటుంది. పేరు, ఘటోత్కచుడు. తండ్రి, భీమసేనుడు. కుటుంబ చరిత్ర, తండ్రి గారికి వృకోదరుడని లోకప్రసిద్ధమైన పేరు, అనగా తోడేలు కడుపువాడు. కాబట్టి అతిభోజనం వంశంలోనే ఉన్నది. వృత్తి, మాయలు చేయడం. ఆకలి, బాగున్నది. నడుము చుట్టుకొలత, టేపు చాలలేదు. మన దేశపు మగవారికి తొంభై సెంటీమీటర్లు, ఆడవారికి ఎనభై సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన అని మేము చెబుతాం. ఈయన విషయంలో ఆ లెక్క అక్కడితో వదిలేశాను. రోగి చెప్పుకున్న బాధ, ఏమీ లేదు, నవ్వుతున్నాడు. ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇక భోజన వివరం. పాటలో ఆయన గారెలతో మొదలుపెడతాడు. గారెలో మినప్పప్పు ఉన్నది, మాంసకృత్తులున్నాయి, తప్పు పట్టడానికి ఏమీ లేదు అనిపిస్తుంది. కానీ ఆ చిల్లు ఉన్నది చూశారూ, అది అందం కోసం పెట్టినది కాదు. లోపలి దాకా సమంగా వేగడానికి పెట్టినది. వేగడానికి తగలవలసిన అంచు పెరిగితే నూనె పట్టే అంచు కూడా పెరుగుతుంది. కొవ్వు ఒక గ్రాముకు తొమ్మిది కేలరీలు ఇస్తుంది, పిండి పదార్థమైనా మాంసకృత్తులైనా నాలుగే ఇస్తాయి. అందుకని గారె విషయంలో నేను పప్పును మెచ్చుకుని నూనెను లెక్కపెడతాను.

తరువాత బూరెలు. మన గోదావరి జిల్లాలలో బూరె తినే పద్ధతి వేరే ప్రాంతాల వారికి చెబితే నమ్మరు. వేడి బూరెకు వేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోసి, అప్పుడు నోట పెడతాం. శనగపప్పు, బెల్లం, దాని చుట్టూ తోపు పిండి, దాని చుట్టూ నూనె, మధ్యలో నెయ్యి. ఘటోత్కచుడికి ఈ గుంట సంగతి తెలిసినట్టు పాటలో దాఖలా లేదు. తెలిసి ఉంటే పాట ఇంకో చరణం పెరిగేది.

అరిసెల దగ్గర ప్రతి రోగీ నాతో ఒకే వాదన చేస్తాడు. "పంచదార కాదండీ, బెల్లమేనండీ." బెల్లంలో కొద్దిపాటి ఖనిజ లవణాలున్న మాట నిజమే. అయితే రక్తంలోకి చేరేసరికి బెల్లానికీ పంచదారకూ తేడా దాదాపు లేదు. నూరు గ్రాముల పంచదారలో నాలుగు వందల కేలరీలుంటే అదే తూకం బెల్లంలో కొద్దిగా మాత్రమే తక్కువ. మన కాలేయం రంగు చూసి లెక్క వేయదు.

లడ్డు, జిలేబీ, పాయసం ఈ మూడింటికీ వేర్వేరు చరిత్రలు అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం రెండు వేల కేలరీలు తినే మనిషి రోజు మొత్తంలో తీసుకునే చక్కెర, బెల్లం, తేనె అన్నీ కలిపి యాభై గ్రాములు మించకూడదు, పాతిక గ్రాములకు తగ్గితే మరీ మంచిది. పాతిక గ్రాములంటే చెంచాతో కొలిస్తే అయిదారు చెంచాలు. పొద్దున్న కాఫీతో, పది గంటల టీతో, చుట్టాలింటి మర్యాద టీతో అందులో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. మిగిలిన సగం ఒక చిన్న లడ్డుకు సరిపోదు.

అప్పడం చూడడానికి పుష్పంలా తేలిక. దాని బరువంతా ఉప్పులో ఉన్నది. పిండిలో కలిపే ఉప్పుకు తోడు అందులో వేసే క్షారంలో కూడా సోడియం ఉంటుంది. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు అన్నది పెద్దలందరికీ చెప్పే హద్దు, రక్తపోటు ఉన్నవారికి అది మరీ ముఖ్యం. పులిహోర సంగతి, దేవుడి ప్రసాదం కనుక ఎక్కువ మాట్లాడను. అందులోని వేరుశనగ గుళ్లు, శనగపప్పు మంచివి. కింద ఉన్న అన్నం అన్నమే. చింతపండు పులుసు కలిసినంత మాత్రాన అది ఔషధం కాదు.

ఇప్పుడు నేను కనుగొన్న విషయం చెప్పనివ్వండి. ఇంత పెద్ద పాటలో ఒక వైద్యుడు కళ్లు మూసుకుని రాయదగిన పదార్థం ఒకే ఒక్కటి ఉన్నది. పులిహోర పక్కన ప్రాస కోసం నిలబెట్టినట్టు నిలబడి ఉంటుంది, పాపం. ఎవరూ గమనించరు. అదే దప్పళం. గుమ్మడికాయ, సొరకాయ, మునక్కాడ, వంకాయ, బెండకాయ, ఇంకా ఆ రోజు బజారులో దొరికినదల్లా పెద్ద ముక్కలుగా తరిగి పులుసులో ఉడికించిన వంటకం. పీచు ఉన్నది, నీరు ఉన్నది, నూనె తిరగమోతకే. ఘటోత్కచుడు ఆ రాత్రి దప్పళం గిన్నెతో మొదలుపెట్టి జిలేబీల దగ్గర ఆగి ఉంటే, నేను నిస్సంకోచంగా ఆయన చీటీ మీద 'ఆరు నెలలకు రండి' అని రాసి పంపేవాడిని.

మన గోదావరి వాళ్లకు ఈ పాట మీద ఒక పాత ఫిర్యాదు కూడా ఉన్నది. ఇందులో ఆత్రేయపురం పూతరేకు లేదు, తాపేశ్వరం కాజా లేదు. పోనివ్వండి. ఆ రెండూ కూడా ఉంటే నా కేసు షీటు ఇంకో పేజీ అయ్యేది.

ఇక ఆ నవ్వు దగ్గరకు వద్దాం. ఈ పాటలో సగం బలం నవ్వుదే. దీని వరస వింటే 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ అనే గాయకుడు రికార్డు చేసిన 'లాఫింగ్ పోలీస్‌మన్' పాట గుర్తుకు వస్తుందని సంగీత ప్రియులు చాలా కాలంగా చెబుతున్నారు. ఆ పాటలో ఉన్నవాడు కూడా ఒక లావుపాటి పోలీసు. వాడూ నవ్వుతూనే ఉంటాడు. ఏడు సముద్రాల అవతల ఒక లావు మనిషి, ఇక్కడ ఒక లావు రాక్షసుడు, ఇద్దరి పనీ నవ్వడమే. బొద్దుగా ఉన్నవాడు సుఖంగా ఉన్నాడని, నవ్వుతున్నాడంటే ఆరోగ్యంగా ఉన్నాడని లోకమంతా నమ్మినట్టుంది. 'రోగి చెప్పుకున్న బాధ ఏమీ లేదు' అని ఇందాక నేను రాసుకున్న వాక్యం అదే. చక్కెర వ్యాధి, రక్తపోటు మొదటి ఏళ్లలో సరిగ్గా అలాగే ఉంటాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఆకలి బ్రహ్మాండంగా ఉంటుంది. మనిషి నవ్వుతూ తిరుగుతూ ఉంటాడు. లోపల రక్తనాళాలు మాత్రం నవ్వడం మానేసి చాలా రోజులై ఉంటుంది.

రంగారావు గారు పుట్టినది ఇప్పుడు మన ఏలూరు జిల్లాలోనే ఉన్న నూజివీడులో, 1918లో. ఆ విందు దృశ్యం తెర మీదకు వచ్చేనాటికి ఆయనకు ముప్పయి ఎనిమిదేళ్లు. 1974 జూలై 18న గుండెపోటుతో కన్నుమూశారు. యాభై ఆరేళ్లకే. ఆయన ఏమి తిన్నారో, ఏ వైద్యం పొందారో నేను మాట్లాడబోను, అది నా హద్దు కాదు. గుండె జబ్బు మన దేశస్థులకు పాశ్చాత్యులకంటే సుమారు పదేళ్లు ముందుగా వస్తుందని మాత్రం వైద్యులకు బాగా తెలుసు. మన ఇళ్లలోని యాభై ఆరేళ్లవారు "నాకేమిటి, రాయిలా ఉన్నాను" అన్నప్పుడల్లా నాకు ఆయన నవ్వు వినిపిస్తుంది, కొంచెం భయం వేస్తుంది.

ఇంతవరకు చదివి, "డాక్టరు గారు మామూలు ధోరణిలోనే ఉన్నారు, అన్నీ వద్దంటారు" అని మీరు అనుకుంటూ ఉంటారు. నిజానికి నేను రాయదలచినది దానికి వ్యతిరేకం. అందుకు ఒక మనిషి కథ చెప్పాలి.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం కొయ్యలగూడెం వైపు పల్లె నుంచి ఒక వంటమేస్త్రి నా దగ్గరకు వచ్చేవాడు. చుట్టుపక్కల మండలాలలో పెద్ద పెళ్లి అంటే పొయ్యి దగ్గర ఆయనే ఉండేవాడు. రక్తంలో చక్కెర మూడు వందలు దాటింది. అప్పట్లో నేను రోగులందరికీ ఒక అచ్చు కాగితం ఇచ్చేవాడిని. ఒక పక్క 'తినకూడనివి' అని శీర్షిక, దాని కింద పేజీ నిండా పేర్లు. రెండో పక్క 'తినదగినవి' అని మూడు పంక్తులు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మొదటి పక్క కాగితం ఘటోత్కచుడి పాటకు అచ్చమైన నకలు. అవే గారెలు, అవే బూరెలు, అవే అరిసెలు. ఆయన పాడినవన్నీ నేను కొట్టివేశాను, అంతే తేడా.

ఆ మేస్త్రి కాగితం చూసి, "డాక్టరు గారండీ, వండేవాడు రుచి చూడకపోతే ఎలాగండీ? ఉప్పు తెలియొద్దా అండీ?" అన్నాడు. సహేతుకమైన ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు, కోప్పడ్డాను. "నీకు ఉప్పు కావాలా, ప్రాణం కావాలా?" అన్నాను. పక్కనే ఉన్న నర్సు, వరుసలో నిలబడ్డ పది మంది విన్నారు. ఆయన తల వంచుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

రెండేళ్ల తరువాత వచ్చాడు. ఎడమ పాదంలో రెండు వేళ్లు నల్లబడ్డాయి. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడితే తెలియలేదట. స్పర్శ పోయిన పాదం, తెలియదు. పుండు పడితే పసుపు అద్దుకుని మూడు పెళ్లిళ్లు చేశాడు. పెద్ద ఆసుపత్రికి పంపించాను. పాదం సగం తీసివేయవలసి వచ్చింది. ఆయన భార్యను అడిగాను, "ఇన్నాళ్లు ఎందుకు రాలేదమ్మా?" అని. ఆమె సంకోచపడుతూ, "మీరు తిడతారని రాలేదండి. పెళ్లిలో తింటూనే ఉన్నాను, ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అనేవాడండి" అన్నది.

ఆ మాట ఇరవై ఏళ్లుగా నన్ను వదలలేదు. ఆయన పాదాన్ని తీసినది చక్కెర వ్యాధి అని వైద్య పుస్తకం చెబుతుంది. అందులో నా నోటికి కూడా భాగం ఉన్నదని నాకు తెలుసు. లడ్డు తిన్న రోగి కన్న, లడ్డు తిన్నానని వైద్యుడికి చెప్పలేని రోగి ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఇప్పటికీ మా బావమరిది నా కంట పడకుండా మింగుతున్నాడంటే, ఆ అచ్చు కాగితం ఇంకా మా ఇంట్లో కూడా తిరుగుతూనే ఉందన్నమాట.

అందుకే ఆ రాత్రి రెండోసారి పాట విన్నప్పుడు, తప్పు పాటలో లేదనిపించింది. పాట పేరులో రెండు మాటలున్నాయి. ఒకటి వివాహం, రెండోది భోజనం. ఆ మొదటి మాటే రెండో మాటకు హద్దు. విందు అన్నది పెళ్లినాడు మాత్రమే ఉండేది. ఈ అర్ధశతాబ్దంలో జరిగినది ఏమిటంటే, మనం వివాహాన్ని తీసివేసి భోజనాన్ని ఉంచుకున్నాం. వైద్యులమైన మేము కంగారుపడి ఆ భోజనాన్ని కూడా తీసివేయబోయాం. రెండూ తప్పే.

మా చిన్నతనాన్ని గుర్తు తెచ్చుకోండి. అరిసెలు సంక్రాంతికి వండేవారు. బియ్యం నానబెట్టి, ఆ తడి బియ్యాన్ని రోటిలో పోసి, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకళ్లతో దంచేవారు. జల్లించి, మళ్లీ దంచేవారు. బెల్లం పాకం తీయడానికి ఒక పెద్దావిడ, వేయించడానికి ఒకావిడ, చెక్కల మధ్య నొక్కి నూనె పిండడానికి ఒకావిడ. ఆ అరిసె నోటిలోకి వచ్చేసరికి ఇంటిల్లిపాది ఒక పూట చాకిరీ దాని వెనుక ఉండేది. పెళ్లికి పది మైళ్లు ఎడ్లబండి మీదో కాలినడకనో వెళ్లేవాళ్లం. మరునాడు పొలం పనో, పొగాకు బ్యారన్ పనో తప్పదు. ఇప్పుడు బస్టాండు పక్కనే మిఠాయి కొట్టులో అరిసెలు ఏడాది పొడుగునా ప్యాకెట్లలో ఉన్నాయి. అరిసె అదే, రోకలి పోయింది.

నూనె కూడా మారింది. మా ప్రాంతంలో ఇప్పుడు ఏ దిక్కుకు చూసినా పామాయిల్ తోటలే. మెట్ట రైతుకు ఆ పంట అన్నం పెట్టింది, దానిని నేను తప్పు పట్టను. అయితే పామాయిల్‌లో సుమారు సగం సంతృప్త కొవ్వు. అది ధరలో తక్కువ, వేపుడుకు నిలుస్తుంది, కనుక ఇంట్లో కనిపించకపోయినా మిక్చర్‌లో, బిస్కట్లో, సాయంకాలపు బజ్జీలో అది మనకు చేరుతూనే ఉన్నది. నాలుగు గంటలకు పునుగులు, ఆరు గంటలకు బజ్జీ, ఎవరిదో పుట్టినరోజని కేకు, ఎవరికో ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా. ఏదీ పెళ్లి కాదు. కూడితే ప్రతివారం ఒక పెళ్లి భోజనం.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించిందని పత్రికలలో చదివి అందరూ ముచ్చటపడ్డారు. నేనూ ముచ్చటపడ్డాను. మన మర్యాదకు పేరు అలాంటిది. ఆ అంకె చూసి నాకు తోచినది ఒక్కటే. ఏడాదికి ఒక్కరోజు 365 రకాలు ఉన్నా ఏ అల్లుడికీ ప్రమాదం లేదు, అన్నీ ఎలాగూ తినలేడు. ఏడాదిలో 365 రోజులూ ఆ పూటలాగే గడిస్తేనే ప్రమాదం.

ఇది నవ్వుతాలు విషయం కాదనడానికి ఒక్క లెక్క చాలు. భారత వైద్య పరిశోధనా మండలి సాయంతో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు పది కోట్ల పైమాటే. వ్యాధి గుమ్మంలో నిలబడి ఉన్నవారు ఇంకా ఎక్కువ, దాదాపు పదమూడున్నర కోట్లు. ఈ రెండో వర్గానికి ఇంకా మందు అక్కరలేకపోవచ్చు, రోజువారీ అలవాట్లు మారితే చాలామంది వెనక్కు రాగలరు. కాబట్టి ముప్పయి ఏళ్లు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించుకోండి. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ దాటితే వ్యాధి ఉన్నట్టే, నిర్ధారణకు మరోసారి చూస్తారు.

ఇక ఘటోత్కచుడికి నేను ఇప్పుడు రాసే మందుల చీటీ. నా పాత అచ్చు కాగితం చించివేశాను. ఇందులో 'వద్దు' అన్న మాట ఎక్కడా లేదు, వెతుక్కోండి.

పెళ్లికి వెళ్లండి. ఆకు ముందు కూర్చున్నాక దప్పళం ముక్కలతో, కూరతో, పప్పుతో మొదలుపెట్టండి. అన్నం తరువాత, తీపి చివర. ముందు కూరగాయలు, పప్పు తిని ఆపైన అన్నం తింటే రక్తంలో చక్కెర తక్కువగా, నెమ్మదిగా పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. మన వాళ్లు తీపి ముందు వడ్డిస్తారు కదా అంటారు. వడ్డించనివ్వండి, ఆకులో ఉన్నంత మాత్రాన పారిపోదు, ఘటోత్కచుడు పక్క ఆకులో కూర్చుంటే తప్ప.

తీపి ఒకటి ఎంచుకోండి. మీకు నిజంగా ప్రాణమైనది ఏదో అది. దానిని అందరి ఎదుట, నెమ్మదిగా, ఆనందిస్తూ తినండి. దొంగతనంగా తిన్న లడ్డుకు రుచీ ఉండదు, లెక్కా ఉండదు.

ఇన్సులిన్ గానీ, చక్కెరను దింపే మాత్రలు గానీ వాడుతున్నవారు ఒక్క విషయం మరువకండి. ముహూర్తం ఆలస్యమై భోజనం మూడు గంటలకు అన్నప్పుడు, మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చోకండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగండి. లడ్డు కూడా తీపే కదా అనకండి, అందులోని నెయ్యి వల్ల చక్కెర ఒంటికి అందడం ఆలస్యమవుతుంది.

భోజనం అయ్యాక కుర్చీలో కూలబడకుండా పదిహేను నిమిషాలు నడవండి. మా ఊళ్లో అయితే పారిజాతగిరి మెట్ల దాకా వెళ్లి రమ్మంటాను. మెట్లు ఎక్కడం మీ ఓపిక, మీ మోకాళ్ల ఓపిక. రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలూ వెలుతురులో చూసుకోండి, వేళ్ల మధ్య కూడా.

అన్నిటికంటే ముఖ్యం, మరుసటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఏమి తిన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన కోప్పడితే నా పేరు చెప్పండి, రిటైరైన ఒక ముసలి డాక్టరు ఇలా కోప్పడే ఒక మనిషి పాదం పోగొట్టాడని చెప్పండి.

ఆ మేస్త్రి ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని శిష్యుల చేత వండించేవాడు. రుచి చూడడం మానలేదు. నేనూ మానమనలేదు, గరిటె అంచు నాలుకకు తగిలిస్తే చాలని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "పెళ్లిళ్లలో లడ్డు ఇదివరకు బత్తాయంత కట్టేవాళ్లమండి. నిమ్మకాయంత చేయించేశానండి. ఎవరూ కనిపెట్టలేదండి, అందరూ బాగుందనే అన్నారండి." నేను ముప్పయి అయిదేళ్లలో పంచిన కాగితాలన్నీ కలిపి చేయలేని మేలు ఆయన పిడికిలి కాస్త బిగించి చేశాడు.

మొన్నటి పెళ్లిలో పాట అయిపోయేసరికి మజ్జిగ వడ్డిస్తున్నారు. మా బావమరిది ఏమీ ఎరగనట్టు మజ్జిగ కలుపుకుంటున్నాడు. "లడ్డు ఎలా ఉందిరా?" అని అడిగాను. ఒక్క క్షణం బిగుసుకుపోయి, నా ముఖం చూసి, "బాగుంది బావగారూ" అన్నాడు. "సరే, పద, అలా నాలుగడుగులు వేసి వద్దాం" అన్నాను. ఇద్దరం ఆకుల దగ్గర నుంచి లేచాం.